మన గుడి, మన చరిత్ర: చేజర్ల కపోతేశ్వరాలయం



గుడికి వెళ్లినప్పుడు మనం ఏం చేస్తాం? కాళ్లు కడుక్కుంటాం, గంట కొడతాం, ప్రదక్షిణం చేస్తాం, పేరూ గోత్రమూ చెప్పి అర్చన చేయించుకుంటాం. తీర్థం పుచ్చుకుని, కాసేపు మంటపంలో కూర్చుని, ఇంటి పని గుర్తుకొచ్చి లేస్తాం. ఎదురుగా ఉన్న స్వామిని కళ్లారా చూస్తాంగాని, ఆయన తల మీద ఉన్న కప్పును మాత్రం చూడం. గోడను చూడం, గుమ్మాన్ని చూడం. చూడాలని మనకెవరూ చెప్పలేదు మరి. ఈవేళ మీకు ఒక గుడి సంగతి చెబుతాను. ఆ గుడిలో స్వామిని ఎంత భక్తితో చూస్తామో, ఆయన నెత్తి మీది కప్పును అంత శ్రద్ధగానూ చూడాలి. ఎందుకంటే అలాంటి పాత కప్పు చెక్కుచెదరకుండా నిలిచిన గుళ్లు మన దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు.

ఆ గుడి ఎక్కడో కాశీలోనో కంచిలోనో లేదు. మన పల్నాడులోనే ఉంది. నరసరావుపేట ప్రాంతంలో, నకరికల్లు మండలంలో చేజర్ల అని ఒక ఊరు. 2022 దాకా అది గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. చుట్టూ పత్తిచేలు, మిరపతోటలు. కాయ కోసే రోజుల్లో వెళితే కళ్లాల నిండా ఎర్రటి మిరపకాయలు ఆరబోసి ఉంటాయి, గాలికి ఘాటు ముక్కుకు తగులుతుంది. అక్కడ వెలసిన స్వామి కపోతేశ్వరుడు. కపోతమంటే పావురం. పావురం కోసం తన ఒంటి మాంసం కోసిచ్చిన శిబి చక్రవర్తి కథ మనందరికీ చిన్నప్పుడే అమ్మమ్మలు చెప్పారు కదా, ఆ కథ జరిగింది ఇక్కడేనని ఆ ఊరివాళ్ల నమ్మకం.

ఏదో పెద్ద గుడి అనుకుని వెళ్లినవాళ్లకు మొదట కాస్త నిరాశే కలుగుతుంది. ప్రాకారం, లోపల ఆవరణ, ఆవరణ నిండా చిన్న చిన్న గుళ్లు, లింగాలు, శాసనాలు చెక్కిన రాళ్లు. నడుమ అసలు గుడి. దాని ముందు తరవాతి కాలంలో కట్టిన మంటపం. ముందువైపు నుంచి చూస్తే ఇందులో వింత ఏముంది అనిపిస్తుంది. అలా అనుకుని వెనక్కి తిరిగి రాకండి. ప్రదక్షిణంగా గుడి వెనకవైపుకు వెళ్లి నిలబడండి. అక్కడుంది అసలు సంగతి.

మామూలు గుడి గర్భాలయం నాలుగు పలకలుగా ఉంటుంది. వెనకవైపు రెండు మూలలు తప్పకుండా ఉంటాయి. ఈ గుడికి వెనకవైపు మూలలు లేవు! రెండు పక్కల గోడలూ తిన్నగా వచ్చి, చివర గుండ్రంగా తిరిగి కలిసిపోతాయి. పైన కప్పు చూస్తే అచ్చం మన పాతకాలపు గూడుబండి గూడులాగే ఉంటుంది. పెళ్లిళ్లకు వెళ్లేటప్పుడు వెదురుబద్దలు వంచి, చాప కప్పి, లోపల ఆడవాళ్లనూ పిల్లలనూ కూర్చోబెట్టిన గూడుబండి మీలో కొందరైనా ఎక్కే ఉంటారు. ఆ గూడునే ఇటుకలతో కట్టి, వెనకవైపు గుండ్రంగా మూసేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అదే చేజర్ల గుడి. మన శిల్పశాస్త్రం తెలిసినవాళ్లు ఈ ఆకారానికి గజపృష్ఠం అని పేరు పెట్టారు. అంటే ఏనుగు వెనకభాగం. వెనక నిలబడి చూస్తే నిజంగా ఒక ఏనుగు మనవైపు వీపు పెట్టి నిలుచున్నట్టే ఉంటుంది. మహాబలిపురం వెళ్లినవాళ్లు ఒక సంగతి గుర్తు తెచ్చుకోండి. అక్కడ పంచపాండవ రథాల్లో సహదేవ రథం ఆకారం కూడా ఇదే. ఆ రథం పక్కనే ఒక రాతి ఏనుగును నిలబెట్టారు. రెండింటి వీపులూ పోల్చి చూసుకోమన్నట్టు ఉంటుంది ఆ ఏర్పాటు. ఆ రథం 7వ శతాబ్దపు పల్లవుల పని. చేజర్ల గుడి దానికంటే చాలా పాతది. క్రీ.శ. 3 నుంచి 5వ శతాబ్దాల నడుమ కట్టిందని పండితులు చెబుతారు.

ఇంతకీ ఈ గుండ్రం ఎందుకు? ఇటుకలతో గోడ కట్టేవాడికి మూల తిప్పడం సులువుగాని, గుండ్రంగా తిప్పడం కష్టం కదా? కారణం ఏమిటంటే, ఈ ఆకారం ఇటుకతో పుట్టింది కాదు. వెదురుతో, కర్రతో పుట్టింది. పచ్చి వెదురును వంచి రెండు కొసలూ నేలలో పాతితే కమాను అవుతుంది. అలాంటి కమానులు వరసగా పాతి పైన గడ్డి కప్పితే గుడిసె అవుతుంది. ఉదకమండలం వెళ్లినప్పుడు తోడా జాతివాళ్ల గుడిసెలు చూసే ఉంటారు. వాటి కప్పు ఇలాగే ఉంటుంది. మన దేశంలో పూర్వకాలపు ఇళ్లూ, పూజామందిరాలూ చాలావరకు ఇలాంటి కర్ర కట్టడాలే. కర్ర పుచ్చిపోయింది, చెదలు తినేసింది, నిప్పంటుకుంది. ఆకారం మాత్రం జనం మనసులో నిలిచిపోయింది. కొండలను తొలిచి గుహలు చేసినప్పుడు ఆ ఆకారాన్నే రాతిలోకి దించారు. మహారాష్ట్రలోని కార్లా గుహలో కొండ రాతినే గూడుబండి కప్పులాగా చెక్కి, దాని కింద అవసరం లేకపోయినా కర్ర వాసాలు బిగించారు. ఆ వాసాలు ఇప్పటికీ ఉన్నాయి. స్టీలు బిందెలు వచ్చినా రాగిబిందె ఆకారం వదులుకోలేదు చూశారా, ఇదీ అలాంటిదే. పదార్థం మారినా అలవాటు మారదు.

ఇక వెనకభాగం గుండ్రంగా ఉండడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇలాంటి కట్టడాలను ఎక్కువగా కట్టినవాళ్లు బౌద్ధులు. వాళ్లు పూజించే స్తూపం బోర్లించిన గిన్నెలాగా గుండ్రంగా ఉంటుంది. చిన్న స్తూపాన్ని హాలు చివర నిలిపి, భక్తులు దాని చుట్టూ తిరిగేందుకు వీలుగా గోడను కూడా గుండ్రంగా తిప్పేవారు. అలాంటి పూజామందిరానికే చైత్యగృహం అని పేరు. అజంతాలో 9, 10, 19, 26 నంబరు గుహలు ఇలాంటివే.

కొండను తొలిచిన చైత్యాలు మిగిలాయిగాని, ఇటుకతో కట్టినవి మాత్రం దాదాపు అన్నీ పోయాయి. పునాదులు దొరుకుతాయి, గోడలు మోకాలెత్తున దొరుకుతాయి, కప్పు మాత్రం దొరకదు. కప్పుతో సహా నిలిచిన పాతకాలపు ఇటుక చైత్యాలుగా పుస్తకాలు ముఖ్యంగా రెండే చెబుతాయి. ఒకటి మహారాష్ట్రలో తేర్ అనే ఊళ్లోని త్రివిక్రమాలయం, రెండోది మన చేజర్ల. ఈ సంగతి మొదట లోకానికి చాటినవాడు 19వ శతాబ్దం చివర పురావస్తుశాఖలో పనిచేసిన అలెగ్జాండర్ రీ అనే దొర. అంతదాకా అది ఆ ఊరివాళ్లకు శివాలయం, అంతే.

ఆ కప్పు కట్టిన తీరు కూడా తెలుసుకోదగ్గదే. కమాను కట్టాలంటే ఇటుకలను విసనకర్ర పుల్లల్లా వాలుగా పేర్చి నడుమ ఒక బిగింపు ఇటుక పెట్టాలి. ఆ పద్ధతి మనవాళ్లు ఎక్కువగా వాడలేదు. ఇటుకలను బల్లపరుపుగానే పేర్చి, ఒక్కొక్క వరసనూ కింది వరస కంటే కాస్త లోపలికి జరుపుకుంటూ పోయారు. రెండువైపుల గోడలూ అలా అలా దగ్గరకు వచ్చి పైన కలుసుకుంటాయి. పిల్లలు అగ్గిపెట్టెలతో ఇల్లు కడతారే, అదే కిటుకు. అయితే ఇందులో ఒక చిక్కుంది. ఇటుకను ఎంత ముందుకు జరపగలం? ఎక్కువ జరిపితే బరువు ఆగక ఊడిపడుతుంది. కాబట్టి గది వెడల్పు తక్కువగా ఉండాలి, కప్పు ఎత్తుగా లేవాలి. అందుకే చేజర్ల గర్భగుడి పొడవు సుమారు 23 అడుగులయితే, వెడల్పు సుమారు 9 అడుగులే. అంటే మన ఇళ్లలో ఒక మోస్తరు వసారా అంత. ఇంత చిన్నదిగా ఎందుకు కట్టారనుకుంటాంగాని, చిన్నదిగా కట్టబట్టే పదిహేను శతాబ్దాల వానలకూ గాలులకూ తట్టుకుని నిలిచింది.

ఇలాంటి చైత్యాలు ఎవరు కట్టించేవారు? రాజులనుకుంటాం. కాని మన ప్రాంతపు శాసనాలు చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. కట్టించినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు! చేజర్లకు పడమరగా కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ ఉంది. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. మొదటి రాజు చాంతమూలుడు వైదికధర్మం పాటించినవాడు, అశ్వమేధం చేసినవాడు. ఆయన ఇంటి ఆడవాళ్లు మాత్రం బుద్ధుణ్ణి కొలిచారు. రాజుగారి చెల్లెలు చాంతిసిరి అక్కడి మహాచైత్యాన్ని పూర్తి చేయించింది, భిక్షువుల కోసం ఒక చైత్యగృహం కూడా కట్టించింది. ఆవిడ తరవాతి రాజు వీరపురుషదత్తుడికి మేనత్త, పిల్లనిచ్చిన అత్తగారు కూడాను. మేనరికాలు మన వైపు ఈనాటివి కావన్నమాట!

రాణివాసం సంగతి అలా ఉంచితే, బోధిసిరి అనే ఉపాసిక ఉంది. ఆమె రాజు ఇంటి మనిషి కాదు, గృహస్థురాలు. మనలాంటిదే. ఆమె కూడా నాగార్జునకొండలో సింహళ భిక్షువుల కోసం ఒక చైత్యగృహం కట్టించింది. వేయించిన శాసనంలో తన భర్తనూ, తల్లిదండ్రులనూ, తోబుట్టువులనూ, ఇంకా బంధువులనూ తలుచుకుని, ఈ పుణ్యం అందరికీ చెందాలని చెప్పింది. పెళ్లిపిలుపులకు జాబితా రాసుకునేటప్పుడు ఒక్కరిని మరిచిపోయినా మాట వస్తుందని మనం ఎంత జాగ్రత్తపడతాం! ఆ శాసనం సంగతి చదివితే ఆవిడ పక్కింటి పిన్నిగారిలా అనిపిస్తుంది. ఆమె కట్టించిన చైత్యానికీ వెనకభాగం గుండ్రమే. కాకపోతే దాని పునాదులు, గోడల అడుగుభాగాలు మాత్రమే తవ్వకాల్లో దొరికాయి. చేజర్ల గుడిని చూస్తే బోధిసిరి కట్టించినదాని కప్పు ఎలా ఉండేదో మనం ఊహించుకోవచ్చు.

ఇక్ష్వాకుల తరవాత ఈ ప్రాంతాన్ని ఏలినవాళ్లు ఆనందగోత్రపు రాజులు. వాళ్ల మూలపురుషుడు కందరుడు, రాజధాని కందరపురం. కందరుడి వంశాన్ని చెప్పే శాసనం చేజర్లలోనే ఉంది. అందుకని కందరపురం అంటే ఈ చేజర్లే అని కొందరు పండితులంటారు. ఈ వంశంలో ఒక విశేషం ఉంది. గుంటూరు దగ్గర గోరంట్లలో దొరికిన రాగిరేకుల ప్రకారం అత్తివర్మ శివభక్తుడు. ఒంగోలు వైపు మట్టెపాడులో దొరికిన రాగిరేకుల ప్రకారం దామోదరవర్మ బుద్ధుణ్ణి కొలిచేవాడు. అలా కొలుస్తూనే ఆయన బ్రాహ్మణులకు ఊరు దానం చేశాడు. ఒకే ఇంట్లో ఒకరు శివుడికి, ఒకరు బుద్ధుడికి దణ్ణం పెట్టుకున్నా ఆ ఇల్లు రెండు ముక్కలు కాలేదు. చేజర్ల గుడిని అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎందుకంటే, అది బౌద్ధ చైత్యమేననీ, తరవాత శివాలయంగా మారిందనీ రీ దొర చెప్పాడు. చాలాకాలం అందరూ అదే మాట అన్నారు. తరవాత వచ్చినవాళ్లు కొందరు ఒక అడ్డుప్రశ్న వేశారు. గుండ్రటి వెనకభాగం ఉన్నంత మాత్రాన బౌద్ధులదే కావాలా? నాగార్జునకొండలోనే ఇక్ష్వాకుల కాలంలో కట్టిన పుష్పభద్రస్వామి శివాలయానికీ ఆ ఆకారమే ఉంది కదా? చిత్తూరు వైపు గుడిమల్లం శివాలయం కూడా గజపృష్ఠమే కదా? నిజమే. నూరు వరహాల చెట్టు గుళ్లోనూ ఉంటుంది, ఇంటి పెరట్లోనూ ఉంటుంది. చెట్టును చూసి ఇది ఎవరి పెరడో చెప్పలేం. ఆ కాలపు తాపీవాళ్లకు దేవుడి ఇల్లు అంటే అలాగే ఉండాలి, లోపల ఎవరున్నా సరే.

అయితే ఆ ఊరి స్థలపురాణం వింటే మాత్రం బౌద్ధపు వాసన తగులుతుంది. శిబి చక్రవర్తికి మేఘడంబరుడు, జీమూతవాహనుడు అని ఇద్దరు తమ్ముళ్లట. పరివారంతో ఈ కొండల వైపు వచ్చి, ఇక్కడి మునులతో కలిసి తపస్సు చేసి దేహాలు చాలించారట. వాళ్లను వెతుక్కుంటూ శిబి వచ్చి యజ్ఞాలు చేశాడట. ఆయన దానగుణాన్ని పరీక్షించడానికి దేవతలు వచ్చారట. డేగ తరుముతుంటే పావురం వచ్చి ఒడిలో పడింది. నా ఆహారం నాకిచ్చెయ్యమంది డేగ. త్రాసులో పావురానికి సరితూగేటంత తన మాంసం కోసిస్తానన్నాడు శిబి. ఎంత కోసినా తూగలేదు. చివరకు తననే ఇచ్చేసుకున్నాడు. ఆ తల లేని మొండెమే ఇక్కడ లింగమై వెలిసిందని భక్తులంటారు.

ఈ కథ మనకు మహాభారతంలో ఉంది. బౌద్ధులకు జాతకకథల్లో ఉంది. బుద్ధుడు వెనకటి జన్మలో శిబిగా పుట్టి ఈ త్యాగం చేశాడని వాళ్లంటారు. నాగార్జునకొండ శిల్పాల్లో త్రాసుతో సహా ఈ దృశ్యం చెక్కి ఉంది. ఇక జీమూతవాహనుడు నాగులను రక్షించడానికి తన శరీరాన్ని గరుత్మంతుడికి అర్పించినవాడు. హర్షుడు రాసిన నాగానంద నాటకంలో నాయకుడు ఆయనే. ఆ నాటకం బుద్ధస్తుతితో మొదలవుతుంది. అన్నదమ్ములిద్దరూ పరుల కోసం ఒళ్లు కోసిచ్చినవాళ్లే. పల్నాటి పల్లెలో చదువురాని ముసలమ్మ చెప్పే కథలో ఇన్ని పొరలున్నాయి. గోడలకే కాదు, కథలకు కూడా పాత పునాదులుంటాయి.

దేవుడు మారినా గుడి నిలవడం మన దగ్గరే జరిగిందా అంటే, కాదు. ఇంగ్లండులో కాంటర్‌బరీ అని ఒక ఊరుంది. అక్కడ సెయింట్ మార్టిన్ చర్చి ఇంగ్లండులో ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చర్చిలన్నిటిలోకీ పాతది. 6వ శతాబ్దంలో ఆ ప్రాంతపు రాజు ఎథెల్‌బర్ట్ పాత దేవతలను కొలిచేవాడు. ఆయన పెళ్లాడిన బెర్తా మాత్రం క్రైస్తవురాలు. పుట్టింటి దేవుణ్ణి వదలకుండా ఆమె రోజూ ప్రార్థన చేసుకున్నది ఈ చర్చిలోనే. దాని గోడల్లో రోమనుల నాటి ఇటుకలు ఇప్పటికీ కనిపిస్తాయి. 597లో రోమునుంచి అగస్టీన్ అనే గురువు వచ్చి మతప్రచారం మొదలుపెట్టింది కూడా అక్కడినుంచే. 601లో పోప్ గ్రెగొరీ ఆ ప్రచారకులకు ఒక ఉత్తరం రాశాడు. పాత గుళ్లను పడగొట్టవద్దు, విగ్రహాలు తీసేసి, శుద్ధి చేసి, వాటినే చర్చిలుగా వాడుకోండి, జనం అలవాటైన చోటికే వస్తారు అని దాని సారాంశం. మనిషి మనసు తెలిసినవాడు ఆయన!

తరవాత 16వ శతాబ్దంలో ఎనిమిదో హెన్రీ రాజు, ఆయన కొడుకు కాలాల్లో ఇంగ్లండు చర్చిల పద్ధతే మారిపోయింది. గోడల మీది రంగురంగుల బొమ్మలన్నిటికీ సున్నం కొట్టించారు. అయినా ఊరివాళ్లు చర్చికి వెళ్లడం మానలేదు. అక్కడే పెళ్లి, అక్కడే పిల్లల నామకరణం, ఆ ఆవరణలోనే సమాధి. మూడు నాలుగు వందల ఏళ్ల తరవాత ఆ సున్నం జాగ్రత్తగా తీసి చూస్తే చాలా చర్చిల్లో కింద పాత బొమ్మలు బయటపడ్డాయి. అవి ఇవాళ వాళ్లకు ప్రాణం. ఒక్కొక్క పల్లె చర్చికీ ఈ గోడ ఏ శతాబ్దానిది, ఈ కిటికీ ఎవరు పెట్టించారు అని చిన్న పుస్తకం వేసి గుమ్మం దగ్గర పెడతారు. మన ఊరి గుడికి అలాంటి పుస్తకం ఎన్నిచోట్ల ఉంది చెప్పండి?

పూజ ఆగిపోయిన చోట ఏమవుతుందో చూడాలంటే మన అమరావతినే చూడాలి. చేజర్ల గుడికి వందరెట్లు గొప్పది అమరావతి స్తూపం. బౌద్ధం వెనకబడ్డాక అక్కడ దీపం పెట్టేవాళ్లు లేకపోయారు. స్తూపం మట్టిదిబ్బ అయింది, దీపాలదిన్నె అని పేరొక్కటి మిగిలింది. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అక్కడ పట్టణం కట్టిస్తున్నప్పుడు ఆ దిబ్బలోంచి రాళ్లు తీసి కట్టడాలకు వాడుకున్నారు. చెక్కుడు పలకలు కొన్ని సున్నపుబట్టీల్లోకి వెళ్లాయి. కల్నల్ మెకంజీ వచ్చి చూసి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. మిగిలిన శిల్పాల్లో కొన్ని మద్రాసు మ్యూజియంలోనూ, కొన్ని లండను బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. అంత పెద్ద స్తూపం చెదిరిపోయింది. 23 అడుగుల ఇటుకగుడి కప్పుతో సహా నిలిచింది. తేడా ఎక్కడుంది? చేజర్లలో ఊరివాళ్లకు ఆ గుడితో పని ఉంది. కారితే కప్పు బాగుచేసుకున్నారు, పగిలితే గచ్చు పూసుకున్నారు, తిరనాళ్లు చేసుకున్నారు. వాళ్లు చరిత్రను కాపాడుతున్నామని అనుకోలేదు. తమ స్వామిని చూసుకున్నారు, అంతే. ఆ చూసుకోవడంలోనే చరిత్ర కూడా దక్కింది.

చేజర్ల దాకా వెళ్లలేనివాళ్లు కూడా ఈ ఆకారాన్ని మీ ఊళ్లోనే చూడవచ్చు. సాయంత్రం గుడికి వెళ్లినప్పుడు గాలిగోపురం పై అంతస్తు చూడండి. కలశాలు వరసగా పెట్టిన ఆ పైకప్పు గూడుబండి ఆకారమే. దానికి రెండు కొసలా గుర్రపులాడంలాంటి కమాను కనిపిస్తుంది. వెదురు గుడిసెకు ముందువైపు ఉండే కిటికీయే అది! గుడి చూరు పొడుగునా వరసగా చెక్కిన చిన్న చిన్న గూళ్లు కూడా ఆ కిటికీకి పిల్లలే. వాటిని కూడు అంటారు. గడ్డి గుడిసె ఎప్పుడో పోయింది. దాని గుర్తు ఇంకా మన గోపురం నెత్తిన ఉంది.

ఇక మనం చేయగలిగింది ఏమిటో చెప్పి ముగిస్తాను. చేజర్ల గుడిని కేంద్ర పురావస్తుశాఖ రక్షిత కట్టడంగా ప్రకటించింది. దానికి చట్టం అండ ఉంది. చట్టం అండలేని పాతగుళ్లు ఊరూరా ఉన్నాయి. వాటికి అండ మనమే. గుళ్లో శిల్పాలకూ శాసనపు రాళ్లకూ నూనె రాసి, పసుపు కుంకుమలు పామి, వాటి మీదే కర్పూరం వెలిగించడం మన అలవాటు. నూనెకు దుమ్ము పట్టి, మసి పేరుకుని అక్షరాలు పూడిపోతాయి. పూజ మూలవిరాట్టుకు చేద్దాం, కంబాలకు కాదు. దీపం ప్రమిదలో పెడదాం, శిల్పం ఒళ్లో కాదు. అంట్లు తోమిన చేతులకు తెలుసు, జిడ్డు పట్టినదాన్ని వదిలించడం ఎంత కష్టమో! రాతిని పీచుపెట్టి తోమితే జిడ్డుతోపాటు బొమ్మ ముక్కూ చెవులూ కూడా అరిగిపోతాయి.

రెండోది జీర్ణోద్ధరణ. ఊళ్లో చందాలు వసూలు చేస్తారు. మనమూ పోపులడబ్బాలో దాచినది తీసి సంతోషంగా ఇస్తాం. ఇచ్చేటప్పుడు ఒక్క మాట అడుగుదాం. అయ్యా, పాతగోడ ఉంచుతారా, పడగొడతారా? శాసనపు రాయి ఏం చేస్తారు? రంగు దేనితో వేస్తారు? పాతకాలపు సున్నపుగోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూసినా, నూనెరంగు వేసినా చెమ్మ లోపలే ఉండిపోయి ఇటుక పొడి అవుతుంది. ఎండాకాలంలో నైలాను చీర కట్టుకుని వంటింట్లో నిలబడితే మన ఒంటికి ఎలా ఉంటుందో, ఆ గోడకూ అలాగే ఉంటుంది. సున్నపు పనికి సున్నమే తగును. ఈ ప్రశ్నలు అడిగితే ఆడవాళ్లకెందుకీ గొడవ అనేవాళ్లుంటారు. చైత్యం కట్టించిన బోధిసిరి ఆడదే, చాంతిసిరి ఆడదేనని చెప్పండి.

మూడోది పిల్లల సంగతి. సెలవుల్లో పిల్లలను తీసుకుని ఒకసారి చేజర్ల వెళ్లిరండి. అన్నం మూట కట్టుకుని పొద్దున్నే బయల్దేరితే హాయిగా చూడవచ్చు. స్వామికి దణ్ణం పెట్టించండి, శిబి కథ చెప్పండి. తరవాత గుడి వెనక్కి తీసుకెళ్లి, ఇది దేనిలాగా ఉందో చెప్పమనండి. గూడుబండి ఎరగని ఈకాలపు పిల్లలు మరో పోలిక చెబుతారు, చెప్పనివ్వండి. కట్టినవాళ్ల పేరు ఏ రాతిమీదా మిగలకపోయినా, వాళ్ల ఇటుక పని మాత్రం కళ్లెదుట నిలిచి ఉందని పిల్లలకు తెలిస్తే చాలు. ఆ తరవాత ఏ గుడికి వెళ్లినా వాళ్లే తలెత్తి కప్పు చూస్తారు.

సెలవు. నమస్కారం.